రెండు గళ్ళలో సంతకం

ఆ పిల్లను ఇంట్లో ఎందుకమ్మ అని పిలిచేవారు. మాటలు రావడమే "ఎందుకు" అన్న మాటతో వచ్చాయట. వాన ఎందుకు పడుతుంది, నువ్వు డ్యూటీకి ఎందుకు వెళ్తావు, నాకు తమ్ముడు ఎందుకు లేడు, అంటూ తల్లి ప్రాణం తోడేసేది. అలాంటి పిల్ల పెద్దయ్యాక రాజనీతిశాస్త్రం కాక ఇంకేం చదువుతుంది చెప్పండి? అధికారం ఎవరి చేతిలో ఉంది, వాళ్ళకెవరిచ్చారు, ఎందుకిచ్చారు, అని మూడేళ్ళ పాటు పుస్తకాలతో పోట్లాడింది.

మూడో ఏడు చివర యూనివర్సిటీ గోడ మీద ఒక నోటీసు అంటించారు. మామూలుగా అయితే డిగ్రీ నాలుగేళ్ళు, ఆపైన పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ రెండేళ్ళు, మొత్తం ఆరు. రెండూ కలిపి చదివితే అయిదేళ్ళలో అయిపోతుంది. కిటుకు ఏమిటంటే, నాలుగో ఏట ఇటు డిగ్రీ క్లాసులోనూ కూర్చోవాలి, అటు మాస్టర్స్ క్లాసులోనూ కూర్చోవాలి. ఆ ఏడాది రాసే నాలుగు పేపర్లు రెండు చదువులకూ లెక్కలోకి వస్తాయి. ఏడాది ముందే ఉద్యోగం దొరికితే అమ్మను కొన్ని డ్యూటీలైనా మానిపించవచ్చని ఎందుకమ్మ ఎగిరి గంతేసింది.

ఫారం తెచ్చుకుంది. ఆఖరి పేజీలో పక్కపక్కనే రెండు గళ్ళు, ఒకటి డిగ్రీది, ఒకటి మాస్టర్స్‌ది. చేరే రోజు మొదటి గడిలో మాత్రమే సంతకం చేయాలి. ఏడాది గడిచాక, డిగ్రీ పూర్తయి మాస్టర్స్‌లోకి మారే రోజున మొదటిది కొట్టేసి రెండోదాంట్లో చేయాలి. గళ్ళ కింద ఆ సంగతి రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాలతో. కౌంటరు దగ్గర మనిషి టీకి వెళ్ళాడు. అవతల క్లాసుకు టైమైపోతోంది. ఎందుకమ్మ రెండు గళ్ళలోనూ చకచకా సంతకం గీకేసి, ఫారం కిటికీలోంచి లోపలికి తోసి పరిగెత్తింది. రాజ్యాంగాలను అక్షరం అక్షరం చదివి తప్పులు పట్టే పిల్ల తన ఫారం తాను చదువుకోలేదు. బాగా చదువుకున్నవాళ్ళకే ఇలాంటి తెగులుంటుంది, నన్నడిగితే.

రెండు వారాలకు రెండు గుర్తింపు కార్డులు వచ్చాయి. నంబర్లు వేరు, ఫొటో ఒక్కటే. ఆఫీసువాళ్ళ నిర్వాకం చూడమ్మా అని తల్లికి చూపించి నవ్వింది. మర్నాడు చూసుకుంటే పర్సులో ఒక్క కార్డే ఉంది. ఎక్కడో పారేసుకున్నానులే అనుకుంది.

పాలసీ క్లాసు మొదటి రోజు హాజరు పట్టీ చేతులు మారి తన దగ్గరికొచ్చేసరికి తన పేరు ఎదురుగా సంతకం ఉంది. తన సంతకమే. చివర్లో కొక్కెంలా తిప్పే అలవాటుతో సహా. పక్కన కూర్చున్న కళ్ళద్దాల పిల్లను అడిగింది, "నా బదులు నువ్వు చేశావా?"

"నేనెందుకు చేస్తానే? పొద్దున్నే వచ్చి చేశావుగా. నా పెన్నే తీసుకున్నావు, ఇంకా ఇవ్వలేదు కూడా" అంది కళ్ళద్దాల పిల్ల.

పొద్దున ఎందుకమ్మ డిగ్రీ క్లాసులో ఉంది. ఆ మాటే చెప్పబోయి ఊరుకుంది. చెబితే నవ్వులపాలు.

అక్కడితో ఆగిందా? ఆగలేదు. లైబ్రరీలో పుస్తకం అడిగితే "నిన్న తీసుకెళ్ళావుగా అమ్మాయ్, మళ్ళీ ఎందుకు?" అన్నాడు లైబ్రేరియన్. క్లాసులో ఖాళీగా ఉన్న తన కుర్చీలో కూర్చుంటే ఎవరో అప్పుడే లేచి వెళ్ళినంత వెచ్చగా తగిలింది. పాలసీ మేడం వరండాలో ఎదురై, "మొన్న భలే చెప్పావు. నీకు ఇప్పుడిప్పుడే పాలసీ బుర్ర వస్తోంది" అని భుజం తట్టి వెళ్ళిపోయింది. తను మొన్న నోరే విప్పలేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి ఆకలి దంచేస్తోంది అన్నం పెట్టమంటే, తల్లి వింతగా చూసింది.

"ఇందాకేగా తిని, కంచం కూడా కడిగి పెట్టావు. ఎన్నాళ్ళకు కంచం కడిగిందిరా నా కూతురు అని మురిసిపోయాను కూడానూ."

సింకు పక్కన కంచం బోర్లించి ఉంది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఆ పూట తల్లి మళ్ళీ వడ్డించింది గానీ ముద్ద దిగలేదు.

ఇక్కడ వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ఊరి చివరి పేటలో ఒక చిన్న కాన్పుల వార్డు ఉంది. నాలుగు మంచాలు. దానికంతటికీ కలిపి ఈవిడ ఒక్కతే నర్సు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే. ఆ పేటలో సగం మంది పిల్లలు ఈవిడ చేతుల్లోనే కళ్ళు తెరిచారు. రోడ్డు మీద వెళ్తుంటే "నర్సమ్మా" అని పిలవని గుమ్మం లేదు. ఆ వార్డే ఆవిడ లోకం. అది లేకపోతే ఈవిడ నాలుగు రోజులు కూడా బతకదని ఎందుకమ్మ గట్టి నమ్మకం.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళకు ఒకేసారి నొప్పులొచ్చాయి. ఒక్క మనిషి, రెండు మంచాలు. ఒక బిడ్డ దక్కలేదు. ఎవరూ నర్సమ్మను తప్పు పట్టలేదు, ఆ బిడ్డ తల్లితో సహా. కానీ ఈవిడ తనను తాను వదల్లేదు. ఎటు వెళ్ళాలో తేలక రెండు మంచాల మధ్య నిలబడిపోయానే, అటు ముందు వెళ్ళి ఉంటే, అటు ముందు వెళ్ళి ఉంటే, అని కూతురి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. "ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి" అంది. ఎందుకమ్మ ఆ మాటను ప్రాణంలా దాచుకుంది.

ఆ టర్ము చివర పాలసీ మేడం ఒక మెమో రాయమంది. మెమో అంటే ఒక్క పేజీ. మొదటి వాక్యంలోనే ఏం చేయాలో తేల్చి చెప్పాలి. "నేను" అన్న మాట ఉండకూడదు, మనుషుల పేర్లు ఉండకూడదు, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న గొడవ అసలే ఉండకూడదు. జరిగిందేదో జరిగింది, ఇక చేయాల్సిందేమిటి, అంతే. ఎందుకమ్మ రాయడం మొదలుపెట్టి కొట్టేస్తూ, మొదలుపెట్టి కొట్టేస్తూ వారం గడిపింది. ఇంకో రోజు గడువు ఇమ్మని అడుగుదామని మేడం గదికి వెళ్ళింది.

మేడం లేచి నిలబడినంత పని చేసింది. "రా రా. నీ మెమో నగరపాలక కమిటీకి పంపించేశాను. వాళ్ళు ఒకటికి రెండుసార్లు చదివారట. వచ్చే శుక్రవారం పదకొండింటికి విచారణ. నువ్వే వచ్చి చెప్పాలంటున్నారు. నాలుగో ఏటి పిల్లకు ఇలాంటి అవకాశం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదమ్మా."

"నేను ఇంకా ఇవ్వలేదు మేడం."

"చాల్లే నీ వినయం" అంటూ కాగితం చేతిలో పెట్టింది.

ఒక్క పేజీ. మొదటి వాక్యం: పేట చివరి కాన్పుల వార్డును మూసివేయాలి. కింద కారణాలు. నెలకు సగటున కాన్పులు ఇన్ని. పెద్దాసుపత్రి ఇన్ని కిలోమీటర్లు. సిబ్బంది ఒక్కరే. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్క అంకె తప్పు లేదు. నాలుగో పేరాలో ఉంది ఆ మధ్యాహ్నం సంగతి. ఏకకాలంలో రెండు ప్రసవాలు, ఒక శిశు మరణం, ఉన్న ఒక్క ఉద్యోగి ఎవరి దగ్గరకు ముందు వెళ్ళాలో నిర్ణయించుకోలేకపోయినట్లు సన్నిహితుల సమాచారం. కింద సంతకం. చివర్లో కొక్కెం.

ఆ మాట లోకంలో ఇద్దరికే తెలుసు. అమ్మ చెప్పలేదు. మరి మిగిలింది ఎవరు?

తిన్నగా కౌంటరుకు వెళ్ళింది. ఈసారి మనిషి ఉన్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన, చెవి మీద పెన్సిలు. ఫారం వెతికి తీసి, రెండు సంతకాలూ చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎంత పని చేశావమ్మా" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే ఏమైంది బాబాయ్ గారూ?"

"రెండు రోల్ నంబర్ల మీద ఇద్దరున్నారు. ఇటు ఒకరు చదువుతున్నారు, అటు ఒకరు చదువుతున్నారు. ఆ పిల్ల నీకంటే బాగా చదువుతోంది సుమా." పెన్సిలుతో మార్కులు చూపించాడు. "ఇలాంటివి టర్ము ఆఖరి శుక్రవారం, అంటే వచ్చే శుక్రవారమే, పన్నెండు గంటలకు సరిచేస్తాం. ఆలోపు ఇదిగో ఈ కాగితం మీద సంతకం చేస్తే ఇద్దరూ ఒకటైపోతారు. ఆ రోల్లో ఉన్నవన్నీ నావే, నేను రాసినవే, అని ఒప్పుకోవడం అన్నమాట. మార్కులు, హాజరు, మెమోలు, అన్నీ."

"చేయకపోతే?"

"మార్కులు తక్కువున్న రోలు కొట్టేస్తాం."

"రోలేగా కొట్టేది? మనిషినైతే కాదుగా?"

పెద్దాయన నవ్వలేదు. "పన్నెండేళ్ళ కిందట ఒకబ్బాయి నీలాగే చేశాడు. ఆ శుక్రవారం రాలేదు. కొట్టేశాను. ఆ తర్వాత అతని కోసం అడగడానికి ఇంట్లోవాళ్ళు గానీ స్నేహితులు గానీ ఎవరూ రాలేదమ్మా. ఎందుకొస్తారు? వాళ్ళ దగ్గర వాళ్ళ అబ్బాయి ఉన్నాడుగా." కాగితం ముందుకు జరిపాడు. "ఆలోచించేదేముంది? చేసెయ్యి."

పెన్ను తీసింది. పెట్టేసింది. సంతకం చేస్తే ఆ మెమో తనదైపోతుంది. రాసినవాళ్ళు అదే విచారణలో పేటవాసులుగా లేచి వద్దని చెప్పడానికి లేదు, కమిటీ రూలు అది. పైగా తను నోరు మూసుకు కూర్చుంటే వార్డు పోతుంది. అమ్మ తన ఒళ్ళో ఏడ్చిన ఏడుపు కమిటీ దస్త్రంలో ఉంటుంది, కూతురి సంతకంతో. ఇంక ఆ మొహం అమ్మకు ఎలా చూపించడం? అమ్మ జన్మలో క్షమించదు. ఎందుకు క్షమించాలి? శుక్రవారం దాకా టైముందిగా అని చెప్పి వచ్చేసింది.

గురువారం సాయంత్రం నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"వార్డు ఎత్తేస్తారటే. రేపు విచారణట. యూనివర్సిటీలో ఎవరో రాసిచ్చారట."

ఎందుకమ్మ మంచినీళ్ళు అందించింది. "ఎవరో తెలిసిందా?"

"ఎవరైతే ఏంలే. కానీ లోపలి సంగతులు తెలిసినవాళ్ళేనట. నేనేం పాపం చేశానే వాళ్ళకు?"

చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. అమ్మా, అది నేను కాదు, కానీ నేనే, అని. ఏమని చెబుతుంది? "కాళ్ళు లాగుతున్నాయా? నొక్కనా?" అంది. తల్లి వద్దంది. వద్దన్నా కూర్చుని నొక్కింది. ఆ పాదాలు ఎంత వాచిపోయాయో ఆ రోజే చూసింది.

శుక్రవారం తల్లి లేవకముందే ఇల్లు దాటింది. నడిచి నడిచి యూనివర్సిటీ గేటు దాకా వెళ్ళింది. కౌంటరు తెరిచే ఉంది. పెద్దాయన ఆ కాగితం బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా మీద స్టాంపు పెట్టి కూర్చున్నాడు. అయిదు నిమిషాల పని. ఎందుకమ్మ కిటికీ దాకా వెళ్ళి, ఆయన తల ఎత్తేలోపు వెనక్కి తిరిగి కమిటీ హాలు వైపు బస్సెక్కింది. భయం లేదని చెబితే అబద్ధం. బస్సులో కండక్టరు టిక్కెట్టు అడగకుండా తనను దాటుకుని వెళ్ళిపోయినప్పుడు చిల్లర అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంది.

హాలు నిండా జనం. పేటవాళ్ళంతా వచ్చారు. ముందు వరసలో తల్లి, ఇస్త్రీ చీరలో, ఒళ్ళో సంచి పెట్టుకుని. మైకు దగ్గర ఒక అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడి మాట్లాడుతోంది. జడ తనదే. చొక్కా తనదే, కాకపోతే తను ఏనాడూ అంత చక్కగా ఇస్త్రీ చేసుకోలేదు. గొంతు కూడా తనదే, తడబాటు తీసేసిన గొంతు. ఎంత బాగా చెబుతోందీ! వింటుంటే ఎందుకమ్మకే వార్డు మూసెయ్యాలనిపించింది. దాంతో ఇంకా భయమేసింది.

మాట్లాడడం అయిపోయి ఆ అమ్మాయి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "పేట తరఫున ఎవరైనా?"

ఎందుకమ్మ లేచింది. పేరు అడిగితే చెప్పింది. ఆయన చీటీ చూసి, "ఆ పేరు వాళ్ళు మాట్లాడేశారే" అన్నాడు. జనం తిరిగి చూశారు. అప్పుడు ఆ అమ్మాయి కూర్చున్నచోటు నుంచే అంది, మర్యాదగా, "ఎవరో పేటవాళ్ళు అనుకుంటాను సార్. రెండు నిమిషాలు ఇవ్వండి."

గోడ మీద గడియారం పదకొండూ నలభై. రెండు నిమిషాలు ఇరవై నిమిషాలైంది. ముందు గొంతు వణికింది. తర్వాత వణకలేదు.

"మెమోలో అంకెలన్నీ నిజమే" అంది. "నర్సు ఒక్కతే ఉండడమూ నిజమే. ఎందుకు ఒక్కతే ఉంది? ఇందులో ఆ ముక్క లేదు. ఆ వార్డులో ఇద్దరు నర్సులుండేవాళ్ళు. రెండో పోస్టు నాలుగేళ్ళ కిందట తీసేశారు. ఎవరు తీసేశారు? ఈ కమిటీయే తీసేసింది. ఆ ఆర్డరు మీద సంతకం ఎవరిదో మీ బీరువాలోనే ఉంటుంది, తీసి చూడండి. ఆ మధ్యాహ్నం ఆవిడ రెండు మంచాల మధ్య నిలబడిపోయింది నిజమే. కానీ ఆవిడను అలా నిలబెట్టింది మీరు. నాలుగేళ్ళు చదివినా అడగడం మానని ప్రశ్న ఒక్కటే అండీ నాకు. ఇది ఎవరు నిర్ణయించారు, ఎవరి మీద పడింది?"

అధ్యక్షుడు పక్కాయనతో గుసగుసలాడాడు. ఒకావిడ లేచి వెళ్ళి ఫైలు తెచ్చింది. తిప్పారు, చూశారు, మొహాలు మాడ్చుకున్నారు. చివరికి తేల్చింది ఇది: వార్డు మూయడం లేదు, రెండో నర్సు పోస్టు తిరిగి ఇస్తారు. పేటవాళ్ళు కేకలు పెట్టి ఒకరినొకరు కావలించుకున్నారు. ఎందుకమ్మ గడియారం కేసి చూసింది. పన్నెండు దాటి పది నిమిషాలు.

తనకేమీ తెలియలేదు. నొప్పి లేదు, తల తిరగలేదు. అంతా మామూలుగానే ఉంది. ఆ పెద్దాయన ఊరికే బెదిరించాడేమో అనుకుంటూ, జనాన్ని తోసుకుని బయటికి పరిగెత్తింది. అమ్మకు చెప్పాలి. ఇప్పుడు అన్నీ చెప్పెయ్యవచ్చు.

బస్టాపులో తల్లి నిలబడి ఉంది. పక్కన ఆ అమ్మాయి, తల్లి సంచి తన భుజాన వేసుకుని. ఎందుకమ్మను చూడగానే నర్సమ్మ రెండడుగులు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా..." అంది ఎందుకమ్మ.

"నా తల్లే! నీ నోట్లో చక్కెర పొయ్య. నువ్వు ఎవరి పిల్లవో గానీ నా వార్డు నిలబెట్టావు. పేటలో ఏ వీధమ్మా మీది? ఇన్నేళ్ళలో నిన్ను ఎప్పుడూ చూడలేదే."

తల్లి మొహంలో వెతికింది. ప్రేమ ఉంది, కృతజ్ఞత ఉంది. గుర్తుపట్టడం ఒక్కటే లేదు.

"మీకు... ఆ కాగితం రాసినవాళ్ళ మీద కోపం లేదా?" అని అడిగింది చివరికి.

నర్సమ్మ నవ్వేసింది. వెనక నిలబడ్డ అమ్మాయి వైపు చూసి గొంతు తగ్గించింది. "అది రాసింది మా అమ్మాయేనమ్మా. పొద్దున బస్సులో చెప్పేసి ఒకటే ఏడుపు. కోపం రాదా, వచ్చింది. రెండు స్టాపులు మాట్లాడలేదు. తర్వాత దాని మొహం చూస్తే పోయింది. కన్న కూతురు, చదువు కోసం ఏదో రాసింది. దానికి నేను కోపం తెచ్చుకుంటానా, నువ్వే చెప్పు?"

బస్సు వచ్చింది. ఆ అమ్మాయి తల్లి మోచెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఎక్కించింది, కాళ్ళ వాపు తెలిసినట్టే. ఎక్కుతూ ఎక్కుతూ నర్సమ్మ వెనక్కి తిరిగి, ఇంకా అక్కడే నిలబడ్డ పిల్లను చూసి జాలిపడింది.

"ఎండలో ఎందుకమ్మా అలా నిలబడ్డావు? అన్నం వేళైంది, ఇంటికెళ్ళు. మీ అమ్మ ఎదురు చూస్తుంటుంది."